రక్తం చిక్కదనం వేరు, గడ్డకట్టడం వేరు

అపోహ: ఆస్పిరిన్ వేసుకుంటే రక్తం పలచబడుతుంది.

స్టెంట్ వేయించుకున్నవారి మందుల డబ్బాలో తక్కువ మోతాదు ఆస్పిరిన్ సాధారణంగా ఉంటుంది. "అది రక్తం పలచబడటానికి" అని ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. ఈ నమ్మకమే కొంప ముంచుతోంది. కొన్నాళ్లు వాడాక "ఈపాటికి పలచబడే ఉంటుంది, ఇంక చాల్లే" అని డాక్టరును అడక్కుండానే మానేసేవారున్నారు. రక్తం నీళ్లయిపోతుందని భయపడి ఆపేసేవారూ ఉన్నారు.

నిజానికి ఆ మాత్రతో రక్తం నీరవదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూడటమే ఆస్పిరిన్ పని. వార్ఫరిన్ దారి వేరు: కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే గడ్డకట్టే ప్రోటీన్లను అది తగ్గిస్తుంది. ఒక్కో ప్లేట్‌లెట్ బతికేది 7 నుంచి 10 రోజులే. ఆస్పిరిన్ ఆపితే ఆ కొద్ది రోజుల్లోనే పాతవి పోయి, మందు తగలని కొత్తవి వచ్చేస్తాయి. స్టెంట్ లోపల గడ్డ కట్టే ముప్పు మళ్లీ మొదలవుతుంది. ఇన్నాళ్లు వాడిన ఫలం ఒంట్లో నిల్వ ఉండదు. రక్తం పలచబరుస్తుందని చెప్పుకునే పచ్చి వెల్లుల్లి తింటున్నాం కదా అని మాత్ర మానేసినా అంతే ప్రమాదం. ఇక వార్ఫరిన్ వాడేవారు విటమిన్ కె ఉంటుందని ఆకుకూరలు పూర్తిగా మానెయ్యనక్కర్లేదు. ఒక వారం రోజూ పాలకూర, మరో వారం అసలే లేకుండా కాక, ఇంచుమించు ఒకే మోతాదులో తింటూ, రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

చిక్కదనాన్ని ప్రధానంగా నిర్ణయించేవి ఎర్ర రక్తకణాలు. రక్త పరీక్ష రిపోర్టులో పీసీవీ, లేదా హిమటోక్రిట్, అన్న వరుస చూడండి. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో అది చెబుతుంది. మగవారిలో అది సుమారు 40 నుంచి 50 శాతం, ఆడవారిలో కొంచెం తక్కువ. పాలిసైథీమియా వేరా అనే జబ్బులో ఎముక మజ్జ ఎర్రకణాలను అతిగా తయారుచేస్తుంది. అప్పుడు డాక్టర్లు మధ్యమధ్య రక్తం తీసి పీసీవీని 45 శాతం లోపు ఉంచుతారు. దాంతోపాటు చాలామందికి ఆస్పిరిన్ కూడా ఇస్తారు. రక్తం తీసేది చిక్కదనం తగ్గడానికి, మాత్ర ఇచ్చేది గడ్డలు కట్టకుండా.

అపోహ: రక్తం ఎంత పలచగా ఉంటే అంత ఆరోగ్యం.

రక్తహీనతలో రక్తం పలచగానే ఉంటుంది, సులువుగానే పారుతుంది. కానీ మోసే ఆక్సిజన్ తక్కువ కాబట్టి గుండె ఎక్కువగా కొట్టుకోవాల్సి వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది.

అపోహ: డెంగీలో చూడాల్సింది ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే.

వానాకాలం వస్తే ఇళ్లల్లో ఇదే మాట. బొప్పాయి ఆకు రసం కోసం పరుగులు. డెంగీ ముదిరితే అసలు గండం రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, కారిపోవడం. నీరు బయటికి పోయి కణాలు మిగలడంతో రక్తం చిక్కబడుతుంది, పీసీవీ పెరుగుతుంది. మామూలుగా ఉండే అంకె మీద 20 శాతం పెరిగితే ప్లాస్మా కారుతోందని డాక్టర్లు గుర్తిస్తారు. ఇది ఎక్కువగా జ్వరం తగ్గే వేళకే జరుగుతుంది, అందుకే "జ్వరం పోయిందిగా" అని నిశ్చింతగా ఉండకూడదు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు కాళ్లు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్లాస్మా కారడాన్ని బొప్పాయి రసం ఆపుతుందనడానికి ఆధారం లేదు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడేవారు డెంగీ అనగానే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

అపోహ: సికిల్ సెల్ ఉన్నవారికి రక్తం ఎంత ఎక్కిస్తే అంత మేలు.

ఎర్రకణం వెడల్పు 7–8 మైక్రాన్లు. అంతకన్నా సన్నని కేశనాళికల్లోంచి కూడా అది ఒంగి, ముడుచుకుని దూరిపోగలదు. సికిల్ సెల్ జబ్బులో ఆక్సిజన్ తగ్గినప్పుడు కణంలోని హిమోగ్లోబిన్ గట్టి పోగులుగా మారి, కణం కొడవలిలా బిగుసుకుపోతుంది. దారి మూసుకుపోతుంది, భరించలేని నొప్పి వస్తుంది. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీ కుటుంబాలకు ఈ నొప్పి తెలుసు. ఒంట్లో నీరు తగ్గినా, చలి పెరిగినా అది వచ్చిపడొచ్చు. వీరిలో రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్‌ను 10 గ్రాములు దాటిస్తే, బిగుసుకున్న కణాలకు చిక్కదనం కూడా తోడై ప్రవాహం మరింత మందగిస్తుంది. అందుకే డాక్టరు "ఇంకో బాటిల్ వద్దు" అంటే నిర్లక్ష్యం అనుకోకండి.