మన చిత్రసీమకు పేరేది?

గద్వాలలోనో, వనపర్తిలోనో ఒక విద్యార్థి తరగతిలో లేచి, “అయ్యా, టాలీవుడ్ అంటే అర్థమేమిటి?” అని అడిగినాడనుకొందాం. తెలుగు పంతులుగారు నిఘంటువు తిరగవేసి ప్రయోజనం లేదు. ఆ మాట పుట్టినది కలకత్తాలో.

ఆ నగరపు దక్షిణభాగాన టాలీగంజ్ అనే పేట ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దిలో అక్కడ కాలువ త్రవ్వించిన విలియం టాలీ అనే ఆంగ్లేయుని పేర అది వెలసినది. వంగ చిత్రాల స్టూడియోలు ఆ పేటలోనే లేచినవి. 1932లో విల్ఫర్డ్ డెమింగ్ అనే అమెరికా శబ్దగ్రహణ నిపుణుడు ‘అమెరికన్ సినిమాటోగ్రాఫర్’ పత్రికలో వ్రాస్తూ దానిని ‘టాలీవుడ్’ అన్నాడు. బొంబాయికి ‘బాలీవుడ్’ అన్న పేరు అంటుకొన్నది ఎన్నో ఏండ్ల తరువాత. ఆంగ్లంలో వ్రాసినప్పుడు తెలుగుకూ మొదటి అక్షరం అదే గనుక, వంగీయుల పేరును మనమూ ఎత్తుకొన్నాం. తమిళులకు కోడంబాకం పేర ‘కోలీవుడ్’ వచ్చినది. కన్నడిగులకు ఏకంగా గంధపుచెక్కయే దక్కినది; వారి అరువే కొంత సువాసన గలది!

ఊరిపేరు పెట్టుకొనుటలో తప్పు లేదు. వనపర్తి సంస్థానం మొదట సూగూరు సంస్థానం. రాజధాని మారగా పేరూ మారినది. కాని మన చిత్రాలు నిలిచిన ఊరేది? 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ను హెచ్. ఎం. రెడ్డి తీసినది బొంబాయిలో. సి. పుల్లయ్య ‘సావిత్రి’ని 1933లోను, ‘లవకుశ’ను 1934లోను కలకత్తాలో తీసినారు. 1936లో రాజమహేంద్రవరాన దుర్గా సినీటోన్ వెలసినది. తరువాత దశాబ్దాలపాటు మదరాసు, ఆపైన హైదరాబాదు. ఇన్ని బసలు మారినా విడువనిది భాష ఒక్కటే. కావున ‘తెలుగు చిత్రసీమ’ అన్న పేరే నాకు న్యాయంగా తోచుచున్నది.

అయితే తెలుగు అనగా ఎవరి తెలుగు? పాలమూరు బాలుడు తన యాసను వెండితెరపై చాలకాలం విన్నది హాస్యగాని నోట, కాకున్న రౌడీ నోట. నాయకుడు పుస్తకపు తెలుగో, కోస్తా తెలుగో పలికేవాడు. హాలులో అందరితోపాటు ఆ బాలుడూ నవ్వినాడు. ఇంటికి పోయి తల్లితో మాట్లాడినది ఆ యాసలోనే.

1980లో విడుదలైన ‘మా భూమి’ తెలంగాణపు పలుకును రైతు నోట, నిండు గౌరవంతో వినిపించినది. దర్శకుడు గౌతమ్ ఘోష్ కలకత్తావాడు! అసలు టాలీవుడ్ ఉన్న ఊరివాడు వచ్చి మన మాట మనకు వినిపించినాడు. 2015లో ‘రుద్రమదేవి’లో గోన గన్నారెడ్డిగా మదరాసులో పుట్టిన అల్లు అర్జున్ తెలంగాణ యాసలో పలికినాడు. గన్నారెడ్డి ఏలిన వర్ధమానపురమే నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను. పదమూడవ శతాబ్దిలో ఆయన అట్లే మాట్లాడినాడా అన్నది వేరు ప్రశ్న. వీరుని నోట ఆ యాస వినబడినది, అంతే చాలు.

2023లో వేణు ఎల్దండి తీసిన ‘బలగం’లో ఇంటిల్లిపాదీ తమ మాటే మాట్లాడినారు. అది కరీంనగరం వైపు తెలుగు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డ తెలుగు వేరు. రాయచూరు పొరుగు గనుక దానిలో కన్నడపు జీర ఉంటుంది. ఆ జీరతోనే ఒక కథానాయిక తన తండ్రితో వాదులాడగా, గద్వాలలో ఒక హాలులో కూర్చుండి వినవలెనని నాకున్నది.