యోబు ప్రశ్న: ప్రేమామయుడైన దేవుడు, మానవ బాధ – క్రైస్తవ చింతన

వ్యాససంగ్రహం:
దేవుడు ప్రేమామయుడూ సర్వశక్తిమంతుడూ అయితే లోకంలో బాధ ఎందుకున్నది అనే ప్రశ్నకు క్రైస్తవ సంప్రదాయం ఒకే సమాధానం ఇవ్వలేదు. చెడు ఎట్లా పుట్టిందో చెప్పే సిద్ధాంతాలు ఆ సంప్రదాయంలో ఒక ధార. విలాపం, సిలువ చింతన మరొక ధార. మొదటి ధారలోని సాధారణ వివరణను ఫలానా మనిషి బాధపై తీర్పుగా ప్రయోగించడాన్ని బైబిలులోని యోబు గ్రంథమే తిరస్కరిస్తున్నదని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: యోబు, దైవన్యాయ సమర్థన, స్వేచ్ఛాసంకల్పం, విలాపం, సిలువ, ధాత కరువు.

1. ప్రవేశిక

బాధ అన్ని మతాలకూ ఎదురైన ప్రశ్నే అయినా అది చిక్కుముడిగా మారే తీరు ఒక్కొక్క దర్శనంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో ఈశ్వరునిపై వైషమ్యం, నైర్ఘృణ్యం అనే రెండు ఆక్షేపణలు ప్రస్తావనకు వస్తాయి. ఒకరిని సుఖంలో, మరొకరిని దుఃఖంలో పుట్టించినవాడు పక్షపాతి కాడా, నిర్దయుడు కాడా అన్నది పూర్వపక్షం. సృష్టి జీవుల కర్మను అనుసరించి జరుగుతుంది గనుక ఆ దోషాలు ఈశ్వరునికి అంటవన్నది సమాధానం. క్రైస్తవానికి ఈ ద్వారం మూసి ఉంది. అక్కడ పూర్వజన్మ లేదు; సృష్టి శూన్యం నుండి దేవుడు ఒక్కడే చేసినది; పైగా ఆ దేవుడు ప్రేమస్వరూపుడు. కాబట్టి బాధకు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తిరిగి తిరిగి సృష్టికర్త వద్దకే చేరుతుంది.

ఈ చిక్కుకు తర్కరూపం గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యురస్ పేరిట ప్రచారంలో ఉంది. దానిని భద్రపరచినవాడు క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ కావడం గమనార్హం. 1779లో వెలువడిన డేవిడ్ హ్యూమ్ సంవాదాల ద్వారా అది ఆధునిక చర్చకు కేంద్రమైంది. దేవుని న్యాయాన్ని సమర్థించే ప్రయత్నానికి గ్రీకు ధాతువుల నుండి ‘థియోడిసీ’ అనే పేరు కల్పించినవాడు జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్. ఆ పేరుతో ఆయన గ్రంథం 1710లో వచ్చింది. ఈ వ్యాసంలో ఆ ప్రయత్నాన్ని ‘దైవన్యాయ సమర్థన’ అని వ్యవహరించడం జరిగింది.

2. యోబు గ్రంథం: సమాధానానికి ముందే ఒక హెచ్చరిక

యోబు గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. కథను నడిపే ఆద్యంతాలు వచనంలో ఉండగా, నడుమ సాగే సంవాదమంతా ప్రధానంగా కవిత్వం. వచనభాగంలోని యోబు సహనమూర్తి. కవిత్వంలోని యోబు అట్లా కాదు. పుట్టిన దినాన్ని శపిస్తాడు, దేవునిపై వ్యాజ్యం వేయదలుస్తాడు, తన మొర ఆలకించే న్యాయస్థానం ఎక్కడని నిలదీస్తాడు. ‘యోబు సహనం’ ప్రసంగవేదికలపై ఎంత ప్రసిద్ధమో, ‘యోబు వాదం’ అంత అపరిచితం. గ్రంథంలో అధిక భాగం ఆక్రమించినది మాత్రం రెండవదే.

కథకు మూలం పరలోక సభలో వేసిన ఒక ప్రశ్న. హీబ్రూ మూలంలో ‘సాతాను’ అనే పదం ముందు నిర్దేశక ఉపపదం ఉంది. అంటే అది ఇక్కడ వ్యక్తినామం కంటె ఒక పదవిని, ఆక్షేపకుని స్థానాన్ని సూచిస్తుంది. ఆ ఆక్షేపకుని సందేహం ఇది: సిరిసంపదలూ రక్షణా లేకపోతే యోబు దేవుని సేవిస్తాడా? ప్రతిఫలం లేకుండా ఊరకే సేవించే మనిషి ఉంటాడా? ఈ ‘ఊరకే’ అనే అర్థానికి హీబ్రూలో వాడిన పదం ‘హిన్నామ్’. రెండవ అధ్యాయంలో, యోబు సర్వస్వం కోల్పోయిన తరువాత, దేవుని నోట అదే పదం వస్తుంది. అయితే అక్కడ దాని అర్థం ‘నిష్కారణంగా’. యోబు నాశనానికి కారణం లేదని దేవుడే ఒప్పుకొన్నట్లయింది. ఒకే పదం భక్తి విషయంలో ప్రతిఫలాపేక్ష లేకపోవడాన్ని, బాధ విషయంలో హేతువు లేకపోవడాన్ని తెలుపుతూ గ్రంథానికి ఇరుసుగా నిలిచింది.

పాఠకునికి తెలిసిన ఈ సంగతి యోబు మిత్రులైన ఎలీఫజు, బిల్దదు, జోఫరులకు తెలియదు. వారు వచ్చిన మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలపై మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మంచిపని అదొక్కటే. నోరు విప్పిన తరువాత వారి వాదం ఒకే దారిలో నడిచింది: దేవుడు న్యాయవంతుడు, న్యాయవంతుడు నిర్దోషిని శిక్షించడు, కనుక యోబు దోషి. ‘చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత’ అనే మన లోకోక్తికి ఇది దగ్గరగా కనిపించినా కర్మవాదంతో సమానం కాదు. కర్మవాది అజ్ఞాతమైన గతజన్మను చూపగలడు. ఈ మిత్రులకు అటువంటి గతం లేదు గనుక, ఎలీఫజు చివరికి యోబు చేయని పాపాల పట్టిక ఒకటి కల్పించి చదువుతాడు. సిద్ధాంతాన్ని నిలబెట్టుకోవడానికి మనిషి మీద నింద వేయవలసి వచ్చింది.

తరువాత సుడిగాలి నుండి దేవుడు మాట్లాడతాడు. ఆ ప్రసంగాల్లో పరలోక సభ ప్రస్తావన లేదు, బాధకు కారణం లేదు. అడవి గాడిద, నిప్పుకోడి, మనిషి నివసించని ఎడారిలో కురిసే వాన, మకరరూపి లెవియాథాన్ మొదలైనవి వరుసగా వస్తాయి. ఇది ప్రశ్నను దాటవేయడమేనని విమర్శించినవారు ఉన్నారు. ఆ విమర్శను తేలికగా తోసిపుచ్చలేము. సృష్టికి మనిషి కేంద్రం కాదని, అందువల్ల సృష్టిలో జరిగే ప్రతిదీ మనిషికి శిక్షగానో బహుమానంగానో లెక్కకట్టలేమని ఈ ప్రసంగాలు చెబుతున్నాయని మరికొందరి వ్యాఖ్యానం. అసలు తీర్పు 42వ అధ్యాయంలో ఉంది. దేవుని పక్షాన వాదించిన మిత్రులే దేవుని గూర్చి యుక్తంగా మాట్లాడలేదని, దేవునితో తగవు పెట్టుకున్న యోబు యుక్తంగా మాట్లాడాడని దేవుడే ప్రకటిస్తాడు. దైవన్యాయ సమర్థనకు పూనుకున్న తొలి పండితులకు దక్కిన తీర్పు ఇది.

సువార్తల్లోనూ ఈ దృష్టి కొనసాగింది. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది తక్కినవారికంటె పాపులు కారని లూకా సువార్త 13వ అధ్యాయంలో యేసు అంటాడు. పుట్టుగుడ్డివాని విషయంలో పాపం ఎవరిదని శిష్యులు అడిగినప్పుడు, అతనిదీ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదని యోహాను సువార్త 9వ అధ్యాయంలో సమాధానం.

3. చెడుకు మూలం: అగస్టీను, ఇరేనియస్

ఈ హెచ్చరిక ఉన్నా వివరణ అవసరం తీరలేదు. అగస్టీను (354–430) యౌవనంలో మానికేయ మతాన్ని అనుసరించాడు. వెలుగు, చీకటి అనే రెండు సమాన శక్తుల పోరాటంగా లోకాన్ని చూసే ఆ మతంలో చెడుకు వేరే యజమాని ఉన్నాడు. ఆ ద్వైతాన్ని విడిచిన అగస్టీనుకు, మంచి దేవుడు చేసిన లోకంలో చెడు ఎక్కడిది అన్నది తప్పించుకోలేని ప్రశ్న అయింది. చెడు ఒక పదార్థం కాదు, మంచి యొక్క లేమి అని ఆయన సిద్ధాంతం. అంధత్వం కంటిలో చేరిన కొత్త వస్తువు కాదు, ఉండవలసిన చూపు లేకపోవడం. ఆ లేమికి మూలం సృష్టించబడిన స్వేచ్ఛాసంకల్పం దారి తప్పడం. ‘లేమి’ అన్నంత మాత్రాన బాధ మిథ్య అని అగస్టీను ఉద్దేశం కాదు. ఈ తేడాను మాయావాదంతో పోల్చి చదివేవారు తరచు విస్మరిస్తుంటారు.

రెండవ శతాబ్దికి చెందిన ఇరేనియస్ దృష్టి వేరు. ఆదిమానవుడు పరిపూర్ణుడు కాడు, ఎదగవలసిన శిశువు వంటివాడు. 1966లో ఆంగ్ల తత్త్వవేత్త జాన్ హిక్ ఈ బీజాన్ని తీసుకొని, లోకం సుఖనివాసం కాదని, ఆత్మలు రూపుదిద్దుకొనే స్థలమని ప్రతిపాదించాడు. ‘ఆత్మనిర్మాణం’ అనే మాటకు కవి కీట్స్ 1819లో రాసిన లేఖ ఆధారం. ఆపద లేనిచోట ధైర్యం, లేమి లేనిచోట దాతృత్వం అలవడవన్నది వాదసారం. అయితే బాధ కొందరిని తీర్చిదిద్దినట్లే మరికొందరిని తుంచివేస్తుంది. పసిబిడ్డ మరణంలో ఎవరి ఆత్మ నిర్మితమయింది? ఈ లోటు పూడ్చడానికి హిక్ మరణానంతర వికాసాన్ని ఆశ్రయించక తప్పలేదు.

1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగనాడు, లిస్బన్ భూకంపం ప్రార్థనలో ఉన్నవారిపై చర్చీలను కూల్చింది. మానవ స్వేచ్ఛతో వివరించలేని ప్రకృతి విపత్తు ముందు లైబ్నిజ్ ఆశావాదం నిలవదని వోల్టేర్ ‘కాండీడ్’ (1759)లో పరిహసించాడు.

4. తార్కిక సమర్థన పరిమితి

1955లో జె. ఎల్. మాకీ దేవుని సర్వశక్తి, మంచితనం, చెడు అనే మూడింటి మధ్య తార్కిక వైరుధ్యం ఉన్నదని వాదించాడు. స్వేచ్ఛగల ప్రాణులను సృష్టిస్తూ వారు ఎన్నడూ తప్పు చేయకుండా చూడటం సర్వశక్తిమంతునికి సైతం సాధ్యం కాకపోవచ్చునని 1974లో ఆల్విన్ ప్లాంటింగా ప్రత్యుత్తరమిచ్చాడు. ఆయన తన వాదాన్ని ‘సమర్థన’ అనలేదు, ‘రక్షణవాదం’ మాత్రమే అన్నాడు. దేవుడు చెడును అనుమతించడానికి అసలు కారణం ఏమిటో చెప్పడం ఆయన లక్ష్యం కాదు. వైరుధ్యం లేదని చూపడమే లక్ష్యం. దావానలంలో కాలి రోజుల తరబడి విలవిలలాడి మరణించిన జింకపిల్ల ఉదాహరణతో 1979లో విలియం రో చర్చను తర్కం నుండి సంభావ్యతకు మళ్లించాడు. దానికి వచ్చిన ముఖ్యమైన జవాబు, దేవుని హేతువులు మానవబుద్ధికి అందకపోవచ్చునన్నది. సుడిగాలి ప్రసంగాలకు ఇది దూరపు చుట్టం.

సాధారణ వివరణకూ సొంత దుఃఖానికీ ఉన్న ఎడం సి. ఎస్. లూయిస్ రెండు పుస్తకాల్లో స్పష్టపడుతుంది. 1940లో బాధ సమస్యపై ఆయన వెలువరించినది సుశిక్షితమైన వాదగ్రంథం. 1960లో భార్య మరణించాక రాసుకున్నది 1961లో మారుపేరుతో అచ్చయింది. అందులో వాదం ముక్కలై, ప్రశ్న మూసిన తలుపు ముందు నిలబడుతుంది. విశ్వాసం పోలేదు, మొదటి పుస్తకంలోని స్వరం మాత్రం మళ్లీ వినబడలేదు.

5. సిలువ, విలాపం

1943 జూలైలో హాంబర్గ్ నగరంపై బాంబుదాడిలో పక్కనే ఉన్న మిత్రుణ్ణి కోల్పోయిన యువకుడు యూర్గెన్ మోల్ట్‌మాన్. 1972లో వెలువడిన ‘సిలువ వేయబడిన దేవుడు’ గ్రంథంలో ఆయన, దేవుడు బాధను ఎందుకు అనుమతించాడన్న ప్రశ్నను బాధలో దేవుడు ఎక్కడున్నాడన్న ప్రశ్నగా మార్చాడు. జపానులో కజో కితమోరి 1946లోనే దేవుని వేదనను దైవశాస్త్రానికి కేంద్రం చేశాడు. దైవస్వభావం నిర్వికారమన్న ప్రాచీన సిద్ధాంతానికి ఇది విరుద్ధమని అభ్యంతరాలు వచ్చాయి. తాను ఊబిలో ఉండగా దేవుడూ ఊబిలోనే ఉంటే రక్షణ ఎక్కడిది అన్నది వాటి సారం. కుమారుణ్ణి తండ్రి మరణానికి అప్పగించాడనే చిత్రణ క్రౌర్యాన్ని పవిత్రం చేస్తుందని డొరొతీ జోలె మరో వైపు నుండి విమర్శించింది. ఈ రెండవ విమర్శ బరువైనది. దేవుడు కూడా బాధపడ్డాడు గనుక నీవూ ఓర్చుకో అని బలవంతుడు బలహీనునికి చెప్పే మాటగా సిలువ మారిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి.

కీర్తనల గ్రంథంలో విలాప కీర్తనల వాటా పెద్దది. వాటిలో చాలావరకు ఫిర్యాదుతో మొదలై స్తుతిలో ముగుస్తాయి. 88వ కీర్తన అట్లా ముగియదు, చీకటిలోనే ఆగిపోతుంది. మార్కు సువార్త ప్రకారం సిలువపై యేసు పలికినది 22వ కీర్తన ఆరంభం, అంటే అదీ విలాపమే. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి నిలదీసిన కీర్తనలు ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ ధోరణి కొత్త కాదు. నిలదీయడానికి ఎదుట ఒకరు ఉన్నారన్న నమ్మకమే రెండింటికీ ప్రాణం.

6. ధాత కరువు: ‘ఊరకే’ అన్న ప్రశ్న మరొకసారి

1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే గుత్త తీసుకొని ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించాడు. పనికి వచ్చినవారిలో మాదిగలు ఎక్కువ. ఎందరో బాప్తిస్మము కోరినా, సాయం కోసం మతం మారారన్న అపవాదు రాకూడదని కరువు సాయం ముగిసేదాకా ఆయన ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మము జరిగింది.

క్లౌ జంకు యోబు గ్రంథంలోని ఆక్షేపకుని సందేహమే: ప్రతిఫలం లేకుండా వీరు దేవుని సేవిస్తారా? ఆ సందేహాన్ని ఆయన సిద్ధాంతంతో తీర్చుకోలేదు. కూలి ఇవ్వడాన్నీ బాప్తిస్మము ఇవ్వడాన్నీ వేరుచేశాడు. ఆ జనసమూహాన్ని కదిలించినది ఆకలా, ఆత్మగౌరవ కాంక్షా, విశ్వాసమా అన్న వివాదం నేటికీ తెగలేదు. అయితే ఆ ప్రశ్న ఆకలిగొన్నవారిని మాత్రమే అడుగుతారు. యోబు గ్రంథంలో ఆ ప్రశ్న పుట్టినది ధనవంతుని గూర్చి. కాలువ గట్టున ఎవరి పాపానికి ఈ కరువు వచ్చిందన్న విచారణ పెట్టకుండానే పార చేతికిచ్చి కూలి లెక్కకట్టారు.