బావి మారింది, కాపలా మారలేదు

1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ మహద్‌లోని చవదార్ చెరువులోకి దిగి దోసిలితో నీళ్లు తాగిన ఘట్టం మనందరికీ తెలుసు. ఆ ఘట్టం వెనుక ఉన్న మున్సిపాలిటీ కథ మాత్రం అంతగా చర్చకు రాదు. ప్రభుత్వ నిధులతో నడిచే నీటి వనరులను అస్పృశ్యులకు తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహద్ మున్సిపాలిటీ కూడా 1924లో ఆ మేరకు తీర్మానం చేసింది. అయినా దళితులకు చుక్క నీరు దక్కలేదు. వారు నిజంగానే వెళ్లి తాగిన రోజున వారిపై దాడి జరిగింది. ఆ ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. 1937లో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పేదాకా ఆ హక్కు ఖాయం కాలేదు. తీర్మానం అందరి పేరిట ఉంటుంది. అమలు మాత్రం బలవంతుల వైపే ఒరుగుతుంది.

ఈ అనుభవం నుంచే రాజ్యాంగంలోని 15(2) అధికరణాన్ని చదవాలి. ప్రజల వాడకానికి ఉద్దేశించిన బావులు, చెరువుల దగ్గర కులవివక్షను అది నిషేధించింది. అయితే నగరంలో బావి స్థానంలోకి పైపు, మీటరు, దరఖాస్తు వచ్చాయి. అక్కడ 'నీ కులమేది?' అని ఎవరూ అడగరు. 'నీ ఇంటి పత్రమేది?' అని అడుగుతారు. తరతరాలుగా భూమికి దూరంగా ఉంచిన కులాలను పట్టా చూపమనడం తటస్థ నిబంధన ఎలా అవుతుంది?

ముంబైలో జరిగింది ఇదే. ప్రభుత్వం పెట్టిన గడువు తేదీ తర్వాత వెలసిన గుడిసెలకు నీటి కనెక్షన్ నిరాకరించారు. పానీ హక్ సమితి న్యాయస్థానానికి వెళ్లింది. తాగునీరు జీవించే హక్కులో భాగమేననీ, గుడిసె అక్రమమన్న కారణంతో దాన్ని కాదనలేరనీ 2014 డిసెంబర్‌లో బొంబాయి హైకోర్టు తేల్చింది. ఆ తీర్పు విలువైనదే. కానీ సక్రమ కట్టడాల్లో ఉండేవారితో సమానంగా నీటిని కోరే హక్కు గుడిసెవాసులకు లేదని కూడా అదే తీర్పు చెప్పింది. అంటే నీరు దక్కింది, సమానత్వం దక్కలేదు.

హైదరాబాద్‌లో 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీరు ఉచితమన్నారు. మంచి పథకమే. అయితే ఆ ఉచితం నల్లా ఉన్న ఇంటికే చేరుతుంది. నల్లా లేని గుడిసె బిందె లెక్కన కొనుక్కుంటుంది. లీటరు చొప్పున లెక్కవేస్తే, నీటికి ఎక్కువ ధర కట్టేది పేదవాడే.

కాబట్టి కోరవలసింది దయ కాదు, జవాబుదారీతనం. నీటి హక్కును ఇంటి పట్టా నుంచి విడదీయాలి. ఏ బస్తీకి ఎన్ని గంటలు నీరు వస్తున్నదో, ఆ నీటి నాణ్యత ఏమిటో, నల్లా లేని ఇళ్లు ఏ సామాజిక వర్గాలవో జలమండళ్లు ఏటా ప్రకటించాలి. 2027 మార్చికి మహద్ పోరాటానికి నూరేళ్లు. ఆ రోజు అంబేద్కర్ విగ్రహానికి దండ వేసే ప్రతి నగరపాలక సంస్థ ముందుగా ఆ జాబితాను ప్రజల ముందు పెట్టాలి.