ఆ వరదకు ఎవరు కారణం?

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఇక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ఆఖరి హెచ్చరిక దాటాక కూడా నది మరో పద్దెనిమిది అడుగులు పెరిగిందన్నమాట. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఇళ్లు వదిలిన జనం పునరావాస కేంద్రాల్లో తలదాచుకున్నారు.

మర్నాడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలం వచ్చారు. క్లౌడ్ బరస్ట్ వెనుక విదేశాల కుట్ర ఉందంటున్నారని, అది ఎంతవరకు నిజమో తెలియదని అన్నారు. ఇలాంటి మాట నోటి నుంచి నోటికి పాకేటప్పుడు ముందుగా రాలిపోయేది ఆ ‘తెలియదు’ అన్న ముక్కే. కుట్ర అన్నది మాత్రం మిగులుతుంది.

ఎందుకు మిగులుతుంది? సామాన్లన్నీ బురదపాలైనవాడికి ‘వాన ఎక్కువ పడింది’ అంటే కడుపు మండుతుంది. ఇంత నష్టానికి అంత చిన్న జవాబా అనిపిస్తుంది. పెద్ద దెబ్బ వెనుక పెద్ద చెయ్యి ఉండే ఉంటుందని మనసు ముందే అనుకుంటుంది. ఎవరో ఒకరు దొరికితే కోపానికి ఓ దారి దొరుకుతుంది. ఇది తెలివితక్కువతనం కాదు, బాధలో ఉన్న ఎవరి మనసైనా చేసే పనే.

ఇక లెక్క చూద్దాం. ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతంలో గంటలో 10 సెంటీమీటర్లు, అంతకుమించి కురిస్తే దాన్ని వాతావరణ శాఖ క్లౌడ్ బరస్ట్ అంటుంది. గోదావరి పరీవాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఆ జులైలో ఉత్తర తెలంగాణలో, ఎగువన మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో రోజుల తరబడి వాన పడింది. 13న కడెం ప్రాజెక్టు నిలుస్తుందా లేదా అని అందరూ ఊపిరి బిగబట్టారు. ప్రాణహిత, ఇంద్రావతి నీళ్లూ కలిసి దిగువకు రావడానికి రోజులు పడుతుంది. 16 నాటి మట్టానికి ఈ వరస చాలు.

జనం చెప్పుకున్న రెండో కారణం అంత తేలిగ్గా తేలేది కాదు. ఆ వారంలోనే, దిగువనున్న పోలవరం ప్రాజెక్టు వల్లే భద్రాచలం మునిగిందని తెలంగాణ మంత్రి అన్నారు, ఆంధ్రప్రదేశ్ మంత్రులు కాదన్నారు. వినేవాళ్లలో చాలామంది ఏ రాష్ట్రం వాళ్లు ఆ రాష్ట్రం మాటే నమ్మారు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాక భద్రాచలం పట్టణం చుట్టూ రాష్ట్ర సరిహద్దు వచ్చి కూర్చుంది. పక్కనే ఉన్న ఎటపాక వేరే రాష్ట్రమైపోయింది. ఆ నొప్పి నిజమైనది, అందుకే పోలవరం పేరు వినగానే నమ్మకం కుదిరిపోతుంది. కానీ మన నొప్పి నిజమైనంత మాత్రాన మనం చెప్పే కారణం రుజువైనట్టు కాదు.

అలాగని కొట్టిపారేయడమూ తొందరపాటే. ప్రాజెక్టు కట్టక ముందే, 1986 ఆగస్టు 16న ఇక్కడ 75.6 అడుగుల వరద వచ్చింది. పోలవరం లేకుండానూ భద్రాచలం మునుగుతుందని దీంతో తేలుతుంది. పోలవరం ప్రభావం అసలు లేదని మాత్రం తేలదు. దిగువన కూనవరం దగ్గర కలిసే శబరి పోటెత్తితే ఇక్కడ వరద నెమ్మదిగా తీస్తుందని ఏరు ఎరిగినవాళ్లు ఏనాటి నుంచో చెబుతున్నారు. కాబట్టి వెనక్కి తన్నే నీరు అనేది ఊహ కాదు. ఎంత అన్నదే ప్రశ్న.

దానికి అడగాల్సింది ఒక్కటే: ఇన్ని లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ప్రాజెక్టుకు ముందు భద్రాచలంలో నీరు ఎన్ని అడుగులుండేది, ఇప్పుడు అంతే ప్రవాహానికి ఎన్ని అడుగులుంటోంది? శబరి ఆ రోజు ఎంత ఉందో కూడా పక్కన రాసుకోవాలి. అప్పటికన్నా ఇప్పుడు మట్టం ఎక్కువుంటే ఇక్కడి ఫిర్యాదుకు బలం వస్తుంది, లేకపోతే పోతుంది. ఏ ప్రభుత్వం చెప్పినా నమ్మే ముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించమనాలి. గోడ మీద ఏ ఏడు నీరు ఎంతవరకు వచ్చిందో తేదీతో గీత గీసి ఉంచుకున్న ఇంటివాళ్ల సాక్ష్యాన్నీ ఆ లెక్కలో కలపాలి.