పాత ట్రాక్టరు బొమ్మ నేర్పు పాఠము



ఇంగ్లండులో పాత ట్రాక్టర్లను సేకరించి భద్రపరచువారు పెక్కుమంది కలరు. వాటి బొమ్మ గీయదలచిన చిత్రకారుడు ముందుగా యజమానిని కలిసి, ఏ భాగము ఏ పని చేయునో అడిగి తెలిసికొనవలెను.

1917లో తయారగుట ప్రారంభమైన ఫోర్డుసన్ ట్రాక్టరు నాగలిని వెనుక ఈడ్చుకొని పోయెడిది. నాగలి రాతికో మొద్దుకో తగిలి ఆగినచో, ఒక్కొక్కప్పుడు ముందు చక్రములు పైకి లేచి, ట్రాక్టరు వెనుకకు తిరగబడి తోలువానిపై పడెడిది. ఇట్లు పలువురు మరణించిరి.

1946 నుండి 1956 వరకు కోవెంట్రీలో తయారైన బూడిదరంగు ఫెర్గూసన్ టి.ఇ.20కి నాగలిని మూడు కడ్డీలతో బిగింతురు. క్రింది రెండును నాగలిని లాగును. పైది ట్రాక్టరును ముందుకు నెట్టి, ముందు చక్రములు లేవకుండ కాపాడును. పైకడ్డీని విడిచి గీసిన బొమ్మ తప్పుబొమ్మయే.

నేటి మీ ట్రాక్టర్లకును ఈ మూడు కడ్డీలే కలవు. మొద్దులు లాగునపుడు గొలుసును పైకడ్డీ తగిలించు చోట కట్టరాదు. క్రిందనున్న డ్రాబారుకే కట్టుడు. ప్రాణము దక్కును.