వీధి వదిలెయ్.. గోడ పగలగొట్టు!

ఇటలీ తూర్పు తీరంలో ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఒర్తోనా అనే చిన్న రేవు పట్టణం ఉంది. 1943 డిసెంబరు 20న కెనడా సైనికులు ఆ ఊరి పొలిమేరకు చేరుకున్నారు. లోపల కాచుకుని ఉన్నది జర్మనీ 1వ పారాచూట్ డివిజన్. పక్క సందుల్లో ఇళ్లు కూల్చి, ఆ రాళ్ల గుట్టలతోనే దారులు మూసేసిందా డివిజన్. ఊరి నడిబొడ్డున ఉన్న చౌరస్తాకు వెళ్లే పెద్ద వీధిని మాత్రం కావాలనే తెరిచి ఉంచింది. ట్యాంకులైనా, వాటి వెంట నడిచే పదాతి సైనికులైనా ఆ వీధిలోంచే రావాలి. వచ్చారంటే రెండు వైపులా ప్రతి కిటికీలోంచీ తూటాలే.

కెనడా సైనికులు కొద్దిసేపటికే సంగతి గ్రహించారు. వీధిని వదిలేశారు. ఒర్తోనాలో ఇళ్లు ఒకదానికొకటి అతుక్కుని, మధ్య గోడలు ఉమ్మడిగా ఉంటాయి. ఒక ఇంటిని పట్టుకున్నాక పై అంతస్తుకు ఎక్కి, పక్కింటి గోడకు పేలుడు మందు పెట్టి కన్నం కొట్టేవారు. పొగ తగ్గకముందే అందులోంచి గ్రెనేడ్లు విసిరి లోపలికి దూకేవారు. పైనుంచి కిందికి గది గదినీ ఖాళీ చేయించి, మళ్లీ పైకెక్కి తర్వాతి గోడ. అలా వీధిలో కాలు పెట్టకుండానే వరసంతా దాటేవారు. సైనికులు దీనికి పెట్టుకున్న పేరు 'మౌస్‌హోలింగ్'.

దాదాపు ఎనభై ఏళ్లకు, 2023 ఫిబ్రవరిలో, అదే ఒర్తోనా కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. 'కంపెనీ ఆఫ్ హీరోస్ 3' అనే యుద్ధ వ్యూహాల ఆటలో ఇటలీ దండయాత్రే ప్రధాన కథ. దాన్ని తయారుచేసిన రెలిక్ ఎంటర్‌టైన్‌మెంట్ ఉండేది కెనడాలోని వాంకూవర్‌లో. ఒర్తోనాలో ఇల్లిల్లూ పోరాడిన పటాలాల్లో ఒకటైన సీఫోర్త్ హైలాండర్స్ సొంత ఊరు కూడా వాంకూవరే.

మన కుర్రాళ్లకు తెలిసిన యుద్ధపు ఆట అంటే ఎక్కువగా బీజీఎంఐ. అందులో తుపాకీ ఆటగాడి చేతిలోనే ఉంటుంది. గురి బాగుంటే గెలుపు, లేదంటే లాబీకి. కంపెనీ ఆఫ్ హీరోస్ తీరు వేరు. ఇక్కడ ఆటగాడు తుపాకీ పట్టడు. పైనుంచి చూస్తూ నలుగురైదుగురు సైనికులున్న స్క్వాడ్లను నడిపిస్తాడు. ఎవరు ఎక్కడ నక్కాలి, ఎవరు ఎటు నుంచి వెళ్లాలి, ఎప్పుడు వెనక్కి రావాలి అన్నది చెప్పడమే అతని పని. కాల్పులు సైనికులే చూసుకుంటారు.

2006లో వచ్చిన మొదటి భాగంలోనే ఈ ఆట తన పాఠాన్ని రంగుల్లో చెప్పింది. సైనికులను ఎక్కడికి పంపాలో చూపిస్తూ మౌస్ కదిపితే నేల మీద చుక్కలు కనిపిస్తాయి. రాతి గోడ, ఇసుక బస్తాల చాటున ఆకుపచ్చ. కంచె, పొదల దగ్గర పసుపు. నడి రోడ్డు మీద ఎరుపు. కొత్తగా ఆడేవాళ్లంతా దగ్గర దారి కదా అని రోడ్డు వెంటే పరిగెత్తిస్తారు. ఎదురింట్లో మెషిన్ గన్ ఉంటే ఆ పరుగు వీధి మధ్యలోనే ఆగిపోతుంది.

ఆగిపోవడమంటే అందరూ చనిపోవడం కాదు. ఈ ఆట గొప్పతనం అక్కడే ఉంది. మెషిన్ గన్ జోరుగా మోగుతుంటే సైనికులు ముందు నేలను కరుచుకుని పాకడం మొదలెడతారు. ఇంకాసేపు మోగితే తల కూడా ఎత్తరు, కాల్చరు, ఎన్నిసార్లు చెప్పినా కదలరు. తగిలిన తూటాలు కొన్నే. తగలకుండా తల మీదుగా పోయిన వందల తూటాలు మిగతా పని పూర్తిచేస్తాయి. సైన్యం భాషలో దీన్ని సప్రెషన్ అంటారు. పట్టణ యుద్ధంలో మెషిన్ గన్ అసలు పని శత్రువును భయంతో ఉన్నచోటే పాతేయడం. ఈ నిజాన్ని ఇంత స్పష్టంగా చూపించిన ఆటలు చాలా తక్కువ.

మరి ఆ తుపాకీని దాటేదెలా? దానికి ఒక స్క్వాడ్ చాలదు, రెండు కావాలి. ఒకటి ఆకుపచ్చ చుక్కల చాటున చేరి ఎదురు కాల్పులతో తుపాకీ దృష్టిని తనవైపే నిలబెట్టాలి. రెండోది పెరటి దారుల్లోంచి చుట్టూ తిరిగి పక్క నుంచి పడాలి. మెషిన్ గన్ ఒక కోణంలోనే కాల్చగలదు. ఇటు తిప్పి మళ్లీ బిగించుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. రెండో స్క్వాడ్‌కు ఉన్న వ్యవధి అంతే. తుపాకీ ఇంటి లోపల ఉంటే మాత్రం లెక్క మారుతుంది. కిటికీలోంచి గ్రెనేడ్ వేయాలి, మంటలు చిమ్మే ఫ్లేమ్‌త్రోవర్‌తో ఇంజినీర్లను పంపాలి, లేదా ట్యాంకును పిలిపించి ఇంటినే కూల్చేయాలి. కూల్చితే శత్రువు పోతాడు, ఆ ఇల్లూ పోతుంది. కాసేపటికి మన సైనికులకే చాటు కావాల్సి వస్తే అక్కడ రాళ్ల కుప్పే మిగులుతుంది.

2013 నాటి రెండో భాగం చూపుకు హద్దు పెట్టింది. గోడ అవతల ఏముందో సైనికుడికి కనిపించకపోతే ఆటగాడికీ కనిపించదు. ఒక్క పొగ గ్రెనేడ్‌తో వీధి మొత్తం మాయమవుతుంది. మూడో భాగంలో వచ్చిన కొత్త ఆదేశం 'బ్రీచ్'. స్క్వాడ్ నేరుగా ఇంటి మీద పడి, గ్రెనేడ్లు విసిరి, లోపలివారిని బయటికి తరిమేస్తుంది. ఇది మంచి చేర్పే. అయితే ఈ ఆదేశంతో సైనికులు ఇంటి మీద పడేది బయటి నుంచి. గోడలోంచి గోడలోకి, వీధి తొక్కకుండా సాగిన ఒర్తోనా విద్య అందులో లేదు. క్లిక్‌తో కొన్ని క్షణాల్లో అయిపోయే ఆ పని నిజంగా సైనికులకు ఎంత ఖరీదైందో కూడా తెలియదు. డిసెంబరు 27న జర్మన్లు ముందే మందుపాతర పెట్టి వదిలిన ఒక ఇల్లు కూలి, కెనడా పటాలమైన ఎడ్మంటన్ రెజిమెంట్‌కు చెందిన ఒక ప్లటూన్ దాదాపు మొత్తం సమాధి అయిపోయింది.

కాల్పులతో కట్టిపడేసి పక్క నుంచి పడటం అనే సూత్రాన్ని సైన్యమే ఆటగా చేయించుకున్న సందర్భం ఉంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అమెరికా సైన్యం నిధులతో నడిచే ఒక సంస్థ, పాండెమిక్ స్టూడియోస్‌తో కలిసి 'ఫుల్ స్పెక్ట్రమ్ వారియర్'ను తయారుచేసింది. 2004లో అది మార్కెట్లోకీ వచ్చింది. నలుగురేసి సైనికులున్న ఆల్ఫా, బ్రావో జట్లు, ఒక ఊహాజనిత దేశపు వీధులు. ఆటగాడు ఒక్క తూటా కూడా పేల్చడు. ఒక జట్టు కాలుస్తుంటే రెండోది కదలాలి, అది కుదురుకున్నాక మొదటిది కదలాలి. ఆట మొత్తం ఇదే. మలుపు దగ్గర తొందరపడితే జట్టు మొత్తం పోతుంది.

అంతకు ముందే, 1996లో, 'క్లోజ్ కంబాట్' ఇంకో అడుగు వేసింది. అందులో ప్రతి సైనికుడికీ ధైర్యం, అలసట, భయం ఉంటాయి. పక్కవాడు పడిపోతే ఇతను వణుకుతాడు. ఖాళీ వీధి దాటమంటే దాటడు, ఒక్కోసారి పారిపోతాడు. ఆజ్ఞ ఇవ్వగానే అమలవుతుందనుకునే ఆటగాడికి అది పెద్ద కనువిప్పు. అమెరికా మెరైన్లు తమ శిక్షణ కోసం దాని ప్రత్యేక రూపాన్ని తయారుచేయించుకున్నారు.

ఇంతవరకు ఈ ఆటలు నిజాయితీగానే ఉన్నాయి. ఒక్క చోట మాత్రం ఘోరంగా తప్పుతాయి. వాటి ఊళ్లలో మనుషులుండరు. ఇళ్లుంటాయి, చర్చి ఉంటుంది, పెరట్లో కంచె కూడా ఉంటుంది, కాపురం చేసేవాళ్లు మాత్రం కనిపించరు. ఆటగాడు సంకోచం లేకుండా ఇంటిని ట్యాంకుతో కూల్చగలిగేది అందుకే. ఒర్తోనాలో ఎనిమిది రోజుల పోరు ముగిసి, డిసెంబరు 27 రాత్రి జర్మన్లు వెనుదిరిగాక లెక్క తేలింది: 1,300 మందికి పైగా పట్టణ పౌరులు చనిపోయారు. నేలమాళిగల్లో, సొరంగాల్లో తలదాచుకున్న కుటుంబాల నెత్తిన సాగిన యుద్ధమది. ఆ క్రిస్మస్ నాడు సీఫోర్త్ సైనికులు కంపెనీ తర్వాత కంపెనీగా ఒక చర్చిలోకి వచ్చి, బల్లల ముందు కూర్చుని భోజనం చేసి, మళ్లీ పోరాటానికి వెళ్లిపోయారు. కొందరికి అదే ఆఖరి భోజనం. ఇవన్నీ లేకుండా ఒర్తోనాను ఆడితే సగం ఒర్తోనానే ఆడినట్టు.

ఈ లోటు పూడ్చడం అసాధ్యమేమీ కాదు. పోలండ్‌కు చెందిన 11 బిట్ స్టూడియోస్ 2014లో 'దిస్ వార్ ఆఫ్ మైన్' తెచ్చింది. 1990ల సారాయెవో ముట్టడి స్ఫూర్తితో చేసిన ఆ ఆటలో ఆటగాడు సైనికుడు కాడు; ఆకలి, చలి, స్నైపర్ల మధ్య బతుకు వెళ్లదీసే మామూలు మనిషి. 2020లో పోలండ్ ప్రభుత్వం దాన్ని ఉన్నత పాఠశాల విద్యార్థులకు సిఫారసు చేసింది. 'ఆర్మా 3' తయారీదారులైన బొహీమియా ఇంటరాక్టివ్ అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీతో కలిసి 2017లో యుద్ధ నియమాల మీద ఒక అదనపు భాగం చేశారు. అందులో ప్రధాన పాత్రది మందుపాతరలు తొలగించే పని. ఆ ఏడాది దాని మీద వచ్చిన నికర ఆదాయంలో సగం రెడ్‌క్రాస్‌కు ఇచ్చారు.

ఒర్తోనా కథలో మనవాళ్లూ ఉన్నారు. కెనడా సైన్యానికి ఎడమ పక్కన అదే డిసెంబరులో పోరాడింది 8వ భారత డివిజన్. కొద్ది మైళ్ల దూరంలోని విల్లా గ్రాండే అనే పల్లెలో ఆ డివిజన్ బలగాలు కూడా ఇంటింటికీ పోరాడాల్సి వచ్చింది. మోరో నది మీద వంతెన కట్టడానికి ఇవతలి ఒడ్డున చోటు కుదరకపోతే, భారత ఇంజినీర్లు సామగ్రిని శత్రువు వైపు ఒడ్డుకు చేర్చి, అటు నుంచి ఇటు కట్టుకొచ్చారు. దానికి 'ఇంపాజిబుల్ బ్రిడ్జ్' అని పేరొచ్చింది. కంపెనీ ఆఫ్ హీరోస్ 3లో భారత ఫిరంగి దళం, గూర్ఖాలు బ్రిటిష్ సేనలో భాగంగా కనిపిస్తారు. విల్లా గ్రాండే కథను మాత్రం ఇంకా ఎవరో ఒకరు ఆటగా చేయాల్సి ఉంది. హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోలు ఏళ్లుగా పనిచేస్తున్నాయి, ఆ విద్య తెలిసిన యువత మనకుంది. ఆ ఆటను మనవాళ్లే చేయాలి. చేసినప్పుడు గోడలతోపాటు, ఆ గోడల మధ్య బతికినవాళ్లనూ అందులో ఉంచాలి. ఒర్తోనాకు దక్షిణాన సాంగ్రో నది శ్మశానవాటికలో 500 మందికి పైగా భారతీయ సైనికుల పేర్లు స్మారక ఫలకం మీద చెక్కి ఉన్నాయి. పరిశోధన అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.