రంపానికి చేయి దూరం.. వడ్రంగికి బతుకు భద్రం

* కటింగ్‌ మిషన్లపై తెగిపడుతున్న వేళ్లు
* గార్డు, తోపుడు కర్ర వాడితే ప్రమాదాలకు అడ్డుకట్ట

గృహప్రవేశ ముహూర్తం దగ్గర పడుతుంది. ద్వారబంధాలు, తలుపులు త్వరగా పూర్తి చేయాలని వడ్రంగిపై ఇంటి యజమాని ఒత్తిడి పెరుగుతుంది. చీకటి పడినా పని ఆగదు. బల్లకు బిగించిన కటింగ్‌ మిషన్‌పై చివరి పట్టీ కోస్తుండగా పలక ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. దానిని నెడుతున్న చేయి ముందుకు జారి తిరుగుతున్న బ్లేడుపై పడుతుంది. ఏం జరిగిందో గ్రహించేలోగా వేలు తెగిపోతుంది. వడ్రంగి పనిలో చేతికి అయ్యే తీవ్ర గాయాల్లో అనేకం ఈ తీరులోనే సంభవిస్తున్నాయి.

పని రానివారే ప్రమాదాలకు గురవుతారనుకుంటే పొరపాటే. ఏళ్ల తరబడి ఇదే వృత్తిలో ఉండి, చేయి తిరిగిన పనివారు సైతం వేళ్లు పోగొట్టుకుంటున్నారు. చేతి రంపంతో అబ్బిన అలవాట్లను యంత్రం వద్దా కొనసాగించడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

చేతి రంపం వేరు.. యంత్రం వేరు

చేతి రంపంతో కోత మొదలుపెట్టేటప్పుడు వడ్రంగి బొటనవేలిని రంపం పక్కనే ఆనించి దారి చూపుతాడు. రంపం కదలిక అతని చేతిలోనే ఉంటుంది. పన్ను చర్మాన్ని తాకిన వెంటనే చేయి ఆగుతుంది. గాయమైనా పైపైనే పోతుంది. యంత్రం అలా ఆగదు.

నిమిషానికి 3 వేల చుట్లు తిరిగే యంత్రానికి 40 పళ్లున్న 10 అంగుళాల బ్లేడు బిగించారనుకుందాం. అది సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనులో 2 వేల పళ్లు ఒకే చోటును దాటిపోతాయి. ప్రమాదాన్ని గుర్తించి చేయి వెనక్కి తీసుకోవడానికి మనిషికి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆలోగా 400 పళ్లు వేలిని కోసేస్తాయి. చురుకుదనం, అనుభవం ఇక్కడ అక్కరకు రావు. సకాలంలో చేయి తీసుకోవచ్చన్న ధీమాను విడిచి, అసలు చేయి బ్లేడు దారిలోకి రాకుండా ఏర్పాటు చేసుకోవడమే ఏకైక రక్షణ.

పలక ఎందుకు ఎగిరిపడుతుంది?

బల్లకు బిగించిన రంపంలో బ్లేడు ముందు భాగపు పళ్లు పలకను కిందికి నొక్కుతూ కోస్తాయి. వెనుక భాగపు పళ్లు పైకి లేస్తూ తిరుగుతాయి. కోసిన పలక వెనుకనున్న పళ్లకు ఒరుసుకుంటే అవి దానిని పైకి లేపి, నిలబడి ఉన్న మనిషి వైపు విసురుతాయి. పలకను అదిమి పట్టిన చేతికి అప్పటివరకు ఉన్న ఆధారం తొలగిపోవడంతో అది బ్లేడు మీదికి జారుతుంది.

సరిగా ఆరని కలప, వంకర తిరిగిన పలక, ముడులున్న చెక్క కోతలో బిగుసుకుని బ్లేడును పట్టేస్తాయి. గైడు పట్టీ బ్లేడుకు సమాంతరంగా లేకున్నా, గైడు లేకుండా చేతి వాటంగా కోసినా ఇదే ఫలితం. పాత ఇళ్లు విప్పిన కలపలో మేకులు దాగి ఉంటాయి. వాటిని పూర్తిగా తీసిన తర్వాతే యంత్రంపై పెట్టాలి.

దీనికి విరుగుడుగా బ్లేడు వెనుక నిలువుగా ఒక ఉక్కు రేకు అమర్చుతారు. దీనినే రైవింగ్‌ నైఫ్‌ అంటారు. కోసిన రెండు భాగాలు మళ్లీ దగ్గరకు వచ్చి బ్లేడును బిగించకుండా ఇది అడ్డుకుంటుంది. బ్లేడు రేకు కంటే కొంచెం మందంగా, కోత వెడల్పు కంటే కొంచెం పలుచగా ఇది ఉండాలి. బల్ల మట్టం వద్ద బ్లేడు పళ్లకు, దీనికి మధ్య దూరం 8 మిల్లీమీటర్లు మించరాదు. పనికి అడ్డమని చాలామంది తొలగించి మూలన పడేసేది దీనినే.

తలకిందులుగా బిగిస్తే ముప్పే

రాళ్లు, టైల్స్‌ కోయడానికి తయారైన చిన్న కట్టర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడు తగిలించి, దానిని ప్లైవుడ్‌ బల్ల కింద తలకిందులుగా బిగించడం పల్లెల్లోనే కాదు, పట్టణాల్లోనూ కనిపిస్తుంది. పెద్ద యంత్రం కొనే స్తోమత లేనివారికి ఇది తక్కువ ఖర్చుతో దొరికిన ఉపాయం. ఇందులోని ముప్పు మాత్రం ఎక్కువ.

7 అంగుళాల చేతి రంపపు యంత్రాలు సాధారణంగా నిమిషానికి 5 వేల చుట్లు తిరుగుతాయి. 4 అంగుళాల రాతి కట్టర్లు సుమారు 12 వేల చుట్లు తిరుగుతాయి. తలకిందులుగా బిగించినప్పుడు బ్లేడుపై గార్డు ఉండదు. వెనుక రేకు ఉండదు. స్విచ్‌ను లాక్‌ చేసి ఉంచడంతో ఆపదలో ఆపాలంటే బల్ల కిందికి చేయి పెట్టాలి, లేదా గోడ వద్దకు పరుగెత్తాలి. గ్రైండర్‌కు పళ్ల బ్లేడు బిగించడం సైతం ఇంతే ప్రమాదకరం. బ్లేడుపై ముద్రించిన గరిష్ఠ వేగం యంత్రం వేగం కంటే తక్కువగా ఉంటే దానిని ఎట్టి పరిస్థితుల్లోనూ బిగించరాదు.

కరెంటు పోయి వస్తే..

పని మధ్యలో కరెంటు పోతుంది. స్విచ్‌ ఆపడం మరచిపోతారు. బ్లేడు వద్ద చిక్కుకున్న ముక్కను చేత్తో తీస్తుండగా కరెంటు వస్తుంది. యంత్రం దానంతటదే తిరగడం మొదలవుతుంది.

పొలంలోని మోటారుకు బిగించే సాధారణ స్టార్టర్‌ కరెంటు పోగానే విడిపోతుంది. మళ్లీ పచ్చ మీట నొక్కితే గాని మోటారు తిరగదు. రంపపు యంత్రానికీ ఇదే పద్ధతిలో పనిచేసే నో వోల్ట్‌ స్విచ్‌ ఉండాలి. ఆపే ఎర్ర మీట మోకాలికో, తొడకో అందేలా పెద్దదిగా ఉంటే రెండు చేతులూ పలకపై ఉన్నా యంత్రాన్ని ఆపవచ్చు.

ఖర్చు లేని రక్షణ

రక్షణ పరికరాల్లో అతి ముఖ్యమైనది దుకాణంలో వృథాగా పడి ఉండే చెక్కముక్కతోనే తయారవుతుంది. సుమారు 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర పొడవున్న కర్రకు ఒక చివర గంటు కొడితే అదే తోపుడు కర్ర. పలకలో చివరి 300 మిల్లీమీటర్లను, అంటే అడుగు భాగాన్ని దీనితోనే నెట్టాలి. అడుగు కంటే పొట్టి ముక్కలను మొదటి నుంచీ దీనితోనే కోయాలి. వెతుక్కునే పని లేకుండా కర్రను యంత్రానికే తగిలించి ఉంచాలి. చేతికి అందకుంటే ఎవరూ వాడరు.

యంత్రం వద్ద పాటించాల్సినవి ఇవీ..

* బ్లేడును పలక మందం కంటే ఒక పన్ను ఎత్తుకు మించి పైకి రానివ్వరాదు. పైన గార్డు తప్పనిసరి.
* బ్లేడుకు ఎదురుగా కాక కొంచెం పక్కకు నిలబడాలి.
* తిరిగే బ్లేడు వద్ద చేతి తొడుగులు వేసుకోరాదు. దారం పట్టిందంటే చేతినే లాగేస్తుంది. పొడవు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు, ఉంగరం, గడియారం, మణికట్టుకు దారాలు ఉండరాదు.
* కోత ముక్కలను, రంపపు పొట్టును చేత్తో తుడవరాదు. స్విచ్‌ ఆపిన తర్వాత కూడా బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతుంది. అది పూర్తిగా ఆగాలి.
* బ్లేడు మార్చేటప్పుడు స్విచ్‌ ఆపడం చాలదు. ప్లగ్గు పీకి కంటికి కనిపించేలా పెట్టుకోవాలి.
* మొద్దుబారిన బ్లేడుకు ఎక్కువ బలం పెట్టి నెట్టాలి. జారడం అక్కడే మొదలవుతుంది. సకాలంలో సాన పట్టించాలి.
* చేత్తో పట్టుకునే రంపంలో కింది గార్డును చెక్కముక్కతో బిగించి తెరిచి ఉంచరాదు.
* పని చేసేవారిని వెనుక నుంచి పిలవరాదు. ఫోను మోగితే యంత్రం ఆపాకే తీయాలి. మద్యం తాగి యంత్రం వద్దకు వెళ్లరాదు.

వేలు తెగితే ఏం చేయాలి?

గాయంపై శుభ్రమైన గుడ్డను గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి పట్టుకోవాలి. పసుపు, కాఫీ పొడి అద్దరాదు. కొంత అతుక్కుని ఉన్న వేలిని లాగేయరాదు. పూర్తిగా తెగిన వేలిని శుభ్రమైన నీటితో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టాలి. దానిని నీరు చొరని ప్లాస్టిక్‌ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని మంచు కలిపిన నీటిలో ఉంచాలి. వేలిని నేరుగా మంచుగడ్డపై పెడితే కణజాలం దెబ్బతింటుంది. 108కు ఫోన్‌ చేసి, వేళ్లు అతికించే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. శస్త్రచికిత్స అవసరం కావచ్చు గనుక క్షతగాత్రునికి ఆహారం, టీ ఇవ్వరాదు. ఎంత త్వరగా చేరితే వేలు నిలిచే అవకాశం అంత ఎక్కువ.

చట్టం పరిధికి వెలుపల..

ప్రమాదకరమైన యంత్ర భాగాలకు కవచం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌ నిర్దేశించింది. దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త కోడ్‌ ప్రకారం విద్యుత్తుతో పనిచేసే చోట 20 మంది కార్మికులుంటేనే అది ఫ్యాక్టరీ. ఇద్దరు ముగ్గురితో నడిచే వడ్రంగి దుకాణం ఆ లెక్కలోకి రాదు. తనిఖీకి వచ్చే అధికారి ఉండడు. యజమానీ, కార్మికుడూ ఒక్కరే అయినచోట పరిహారం ఇచ్చేవారూ ఉండరు.

1923 నాటి నష్టపరిహార చట్టంలోని పట్టిక బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం సంపాదన శక్తి నష్టంగా లెక్కగట్టింది. ఉలి పట్టడానికైనా, చిత్రిక తోయడానికైనా బొటనవేలే ఆధారమైన వడ్రంగికి ఆ నష్టం శాతాల్లో తేలేది కాదు.

వేలు తాకిన 5 మిల్లీసెకన్లలోపే బ్లేడును ఆపేసే యంత్రాలు అమెరికాలో 2004 నుంచి అమ్ముడవుతున్నాయి. వాటి ధర చిన్న దుకాణాలకు అందనిది. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. శిక్షణతో పాటు పనిముట్లకు రూ.15 వేల వరకు సాయం ఇందులో భాగం. అర్హులు దీనిని వినియోగించుకుని మంచి పనిముట్లు సమకూర్చుకోవచ్చు.

అంతవరకు ఆగనక్కరలేని పని ఒకటుంది. మూలన పడేసిన గార్డును వెతికి బిగించడం, ఒక చెక్కముక్కతో తోపుడు కర్ర చేసుకోవడం. దీనికి అరగంట చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నందువల్ల తెగిన వేలు తిరిగి రాదు.